అంచు నల్లబడిన పుస్తకాలు

ఇంతకు ముందు ఇవన్నీ ఎందుకు రాయలేదని అడిగేవాళ్లకు నా దగ్గర రెండు జవాబులున్నాయి. మొదటిది అందరికీ చెప్పేదే. నాకు అక్షరాలు నలభై రెండో ఏట వచ్చాయి. అవి చేతికి పట్టుబడి, ఒక పేజీ తిన్నగా రాసే ధైర్యం వచ్చేసరికి ఇంకో నాలుగైదేళ్లు పోయాయి. రెండో జవాబు ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఎదురింటి భూలచ్చి ఉద్యోగంలో ఉన్నంతకాలం ఈ సంగతి మళ్లీ కాగితం మీద పెట్టకూడదనుకున్నాను. ఒకసారి పెట్టినందుకే ఆమెకు ఎంత కష్టం వచ్చిందో చూశాను. తెలంగాణ వచ్చిన తర్వాతి నెలలో భూలచ్చి రిటైరైంది. మెడలో దండ వేసి, జీపులో ఇంటిదాకా తెచ్చి దింపారు. ఇక రాయొచ్చు.

నా పని నవలలు చదివి బాగున్నాయో లేవో చెప్పడం. గొప్ప గొప్ప నవలలు కావు. డిటెక్టివ్ నవలలు, దయ్యాల నవలలు, ప్రేమ నవలలు. గోదావరిఖనిలో ఒక అద్దె పుస్తకాల షాపులో మొదలుపెట్టి, మా ఊరి వారపత్రికలో చాలా ఏళ్లు రాశాను. ఇప్పుడు ఆ జాగాలో ఎం.ఏ. చదివిన అమ్మాయి రాస్తోంది. పోయిన వారం ఇంటికొచ్చి, "సారక్కా, ఈ పని ఎట్ల చెయ్యాల్నో జర చెప్పరాదుండ్రి" అన్నది. ఆ అమ్మాయి వాక్యాలు నా వాక్యాల కన్నా బాగుంటాయి. అది నాకు నచ్చదు. అయినా చెప్తున్నాను. ఈ పనిలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఈర్ష్య వల్ల నేర్చుకున్నదే. దాన్ని దాచిపెట్టి మిగతాది చెప్పడం కుదరదు.

మేకులు కొట్టిన పలక

షాపు నర్సయ్య కాకది. బొగ్గు గనిలో ల్యాంపు రూములో పనిచేసి రిటైరైన మనిషి. ఆ గది సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరున్న బిళ్ళ ఒకటి ఉంటుంది. ల్యాంపు రూము కిటికీలో బిళ్ళ ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. ఆ దీపం ఉన్న కొక్కేనికి బిళ్ళ వేలాడుతుంది. షిఫ్టు అయ్యాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. బిళ్ళ ఇంకా వేలాడుతోందంటే మనిషి ఇంకా లోపల ఉన్నట్టు.

కాక తన పుస్తకాల షాపును కూడా అట్లాగే నడిపాడు. ఒక్కొక్క చందాదారుకు ఒక రేకు బిళ్ళ. గోడకు మేకులు కొట్టిన పెద్ద పలక. ఎవరు ఏ పుస్తకం తీసుకుపోతే ఆ నంబరు మేకుకు వాళ్ల బిళ్ళ వేలాడేది. ఆలస్యం చేసినవాళ్లు బజారులో ఎదురైతే కాక వదిలేవాడు కాదు.

"ఏమయ్యా రాములూ, పదిహేను దినాలాయె నీ బిళ్ళ వేలాడవట్టి. ఇంక లోపల్నే ఉన్నవా? రెస్క్యూ టీంను పంపుమంటవా?"

"హంతకుడు ఇంక దొరకలే కాకా."

"దొరకకుంటె దొరకకపాయె, పుస్తకం తెచ్చియ్యి. నీ ఎనుక నలుగురు లైన్ల ఉన్నరు."

నేను ఆ షాపులో ఊడవడానికి, పుస్తకాలు దులపడానికి చేరాను. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. అట్టల మీది బొమ్మలను బట్టి సర్దేదాన్ని. కత్తి ఉంటే ఒక వరుస, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి ఉంటే ఒక వరుస, పువ్వు ఉంటే ఒక వరుస. కాక బయటికి పోయినప్పుడు వచ్చినవాళ్లు నన్నే అడిగేవాళ్లు. "అక్కా, దీంట్ల ఏది మంచిగుంటది?"

చదువు రాదని చెప్పడానికి సిగ్గు. అందుకని పుస్తకాల అంచులు చూడడం మొదలుపెట్టాను. గనిలో పనిచేసేవాళ్ల చేతులు ఎంత సబ్బు పెట్టినా పూర్తిగా తెల్లబడవు. గోరు మూలల్లో, వేలి గీతల్లో మసి ఉండిపోతుంది. పేజీ తిప్పిన ప్రతిసారీ ఆ మసి కొంచెం కాగితానికి అంటుతుంది. పుస్తకం మూసి పక్క నుంచి చూస్తే, ఎక్కడిదాకా చదివారో నల్లగా కనిపిస్తుంది. కొన్ని పుస్తకాలు మొదటి ఇరవై పేజీలు నల్లగా ఉండి, ఆ తర్వాత పాలలాగా ఉండేవి. అవి ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు. కొన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే నలుపు. "ఇది తీస్కపో, ఇడువవు" అని చెప్పేదాన్ని. మర్నాడు వచ్చి, "నువ్వు చెప్పింది నిజమేనే" అనేవాళ్లు.

ఒకరోజు కాక ఇది కనిపెట్టాడు. చాలాసేపు నవ్వి, "ఇన్నేండ్లు దీపాలు జూసిన గాని, నాకు గీ ఉపాయం తట్టలే" అన్నాడు. చదవడం రాకముందే నాకు సమీక్ష చేయడం వచ్చింది. ఇది గొప్పగా చెప్పుకుంటున్నాననుకోకండి. ఇందులో ఉన్న తప్పు తర్వాత తెలిసింది.

తెల్లగా ఉన్న అంచులు

కాలనీ కమ్యూనిటీ హాలులో మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు చదువు చెప్పేవారు. అక్కడ అక్షరాలు నేర్చుకుని, కూడబలుక్కుని చదవడం వచ్చిన కొత్తలో, షాపులో జాగా చాలడం లేదని కాక కొన్ని పుస్తకాలు తీసేద్దామన్నాడు. ఏవి తీసేయాలో నన్నే ఎంచమన్నాడు. నేను ఒక్క పూటలో ఎంచాను. పువ్వుల వరుసలో చాలా పుస్తకాల అంచులు కొత్తవాటిలా తెల్లగా ఉన్నాయి. ఎవరూ చదవలేదు గదా అని రెండు గోనెసంచులు నింపి పాత కాగితాల బండికి ఎత్తించాను.

రెండు రోజులకు కాలనీ నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. వరుసలో తమకు కావలసిన ప్రేమ నవల లేదు. సంగతి చెప్పాను. ఒకామె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"సారక్కా, నీకేమన్న బుద్ధున్నదా? మేము మసి చేతులతోని చదువుతమా? ఇంట్ల పనంత ఒడగొట్టుకొని, చేతులు కడుక్కొని, కొంగుకు తుడుసుకొని చదువుతం. మడత గుడ పడనియ్యం."

"మరి బిళ్ళల మీద అన్ని మొగోళ్ల పేర్లే గదనే ఉన్నయి!"

"బిళ్ళ ఆయనది. చదువుడు నాది."

కాక చెప్పులు వేసుకుని పాత కాగితాల షాపుకు ఉరికాడు. ఒక సంచి దొరికింది. ఇంకొకటి దొరకలేదు. నేనూ ఆడదాన్నే, నేనూ కొంగుకు చేతులు తుడుచుకునేదాన్నే. అయినా ఆ ఆలోచన నాకు రాలేదు. గట్టిగా మాట్లాడేవాళ్లనే పాఠకులనుకోవడం ఈ పనిలో అందరూ చేసే తప్పు. మీరూ చేస్తారు. చేసినప్పుడు పాత కాగితాల షాపుకు ఉరకండి, సగమైనా దొరుకుతాయి.

దయ్యం ఎక్కడ ఉంటుంది

నా మాట విని పుస్తకాలు తీసుకునేవాళ్లు పెరిగాక, ఊరి వారపత్రిక నడిపే సారు షాపుకు వచ్చి వారానికొక నవల గురించి రాయమన్నాడు. మంచి మనిషే. కానీ నేను ఏం రాసినా అందులో "ఉత్కంఠభరితంగా" అన్న మాట ఒకటి ఇరికించేవాడు. ఒకసారి అత్తాకోడళ్లు పచ్చడి పెట్టుకునే సన్నివేశం బాగుందని రాస్తే, అది కూడా ఉత్కంఠభరితంగా ఉందని అచ్చయింది. "సారూ, మామిడికాయ కోసుడు ఎట్ల ఉత్కంఠ అయితది?" అని అడిగాను. "కత్తి ఉంది కదమ్మా" అన్నాడు.

మొదట్లో నేను ఒక దయ్యాల నవలను ఆకాశానికెత్తాను. పాత బంగళా, వాన, దానంతటదే తెరుచుకునే తలుపు, కుక్క ఏడుపు. జీవితంలో మొదటిసారి అక్షరాలు చూసి భయపడ్డాను, అదే నాకు గొప్పగా అనిపించింది. రాములు నా సమీక్ష చదివి ఆ నవల తీసుకుపోయి, మూడో రోజే తెచ్చిచ్చాడు. అంచు చూశాను. నలభై పేజీలు.

"భయం కాలేదా రాములూ?"

"కాలే అక్కా. బంగళ నేనెప్పుడన్న జూసిన్నా? తలుపు తెరుసుకుంటె నాకేంది, మూసుకుంటె నాకేంది."

"మరి నీకు దేనికి భయమైతది?"

అతడు గనిలో పైకప్పుకు ఆధారాలు కట్టే పనిలో ఉండేవాడు. కొంచెం ఆలోచించి చెప్పాడు. "లోపలికి పోంగనె ఇనుప కడ్డీతోని పైకప్పును కొట్టి జూస్తం. గణ్‌మంటె మంచిది. దినాం అదే సప్పుడు ఇంటం. ఒక్కొక్కపారి డొల్లగ పలుకుతది. గంతే అక్కా. ఏం పడది, ఏం కాదు. గాని నా ఈపు సల్లవడ్తది."

దయ్యాల కథలు రాయాలనుకునేవాళ్లకు నేను ఇన్నేళ్లుగా చెప్తున్న సలహా ఇదొక్కటే, అది కూడా నాది కాదు, రాములుది. మీ పాఠకుడు రోజూ వినే చప్పుడు ఏదో ముందు తెలుసుకోండి. ఆ చప్పుడును కొంచెం మార్చండి. వాన అవసరం లేదు, కుక్క అసలే అవసరం లేదు.

పక్క పలక

ఇప్పుడు భూలచ్చి. మాది ఒకటే కాలనీ, ఎదురెదురు ఇండ్లు. వాళ్లాయన మల్లేశం గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. పైకి తెచ్చేదాకా గని గేటు దగ్గర భూలచ్చి పక్కన కూర్చున్నది నేనే. ఆమె గోళ్లు నా చేతిలో దిగిన గుర్తులు వారం రోజులున్నాయి. ఆ తర్వాత, గనిలో పోయినవాళ్ల ఇంటివాళ్లకు ఇచ్చే ఉద్యోగం ఆమెకు వచ్చింది, ల్యాంపు రూములో పని.

మా ఆయన బతికి ఉన్నాడు. ముందే రిటైర్మెంటు తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు. భూలచ్చి టిఫిన్ డబ్బా పట్టుకుని ఫస్టు షిఫ్టుకు పోతుంటే, నేను చీపురు పట్టుకుని చూసేదాన్ని. భర్త పోయిన మనిషిని చూసి కూడా నాకు కుళ్లు పుట్టింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

అక్షరాల క్లాసులో మాత్రం నేనే ముందుండేదాన్ని. ఇద్దరం పక్కపక్కనే కూర్చునేవాళ్లం. ఆమె అక్షరాలు జొన్నరొట్టెలంత ఉండేవి, పలక మీద నాలుగు పట్టేవి కావు. నేను ఆమె చేయి పట్టుకుని రాయించేదాన్ని. అప్పుడు ఆమె మీద నాకు ప్రేమ కూడా ఉండేది. మనకంటే వెనక ఉన్నవాళ్లను ప్రేమించడం కష్టమేమీ కాదు.

చాలా ఏళ్ల తర్వాత, పత్రికలో నా పేరు ప్రతి ఆదివారం వస్తున్న రోజుల్లో, ఆమె డ్యూటీ దిగి నేరుగా షాపుకు వచ్చింది. చేతిలో పొడుగు నోటుబుక్కు.

"అక్కా, ఒక డిటెక్టివ్ రాస్తున్న. జర జూసి చెప్పు."

నాకు నవ్వు వచ్చింది. సంతోషం కూడా వేసింది, నా దగ్గరికి సలహాకు వచ్చింది కదా. పెద్ద కుర్చీలో సర్దుకుని కూర్చుని మొదలుపెట్టాను.

"సూడు, డిటెక్టివ్ అంటె శవం పది పేజీల లోపల రావాలె."

"శవం లేదక్కా."

"శవం లేకుంట డిటెక్టివ్ ఎట్లయితదే?"

"బిళ్ళ వేలాడుతది. మనిషి రాడు. గంతే."

"మరి పోలీసాయన?"

"ఉన్నడు గాని, ఆయనకేం తెల్వది."

కౌంటర్ వెనక కాక ఫక్కున నవ్వాడు. నేను నవ్వలేదు. ప్రతి వారం రెండు మూడు పేజీలు తెచ్చేది. ప్రతి వారం సలహాలు చెప్పాను. అనుమానం నలుగురి మీద పెట్టమన్నాను. అధ్యాయం చివర ఎవరైనా కెవ్వున అరవాలన్నాను. "సరే అక్కా" అనేది. ఒక్కటి కూడా మార్చలేదు.

నాకు బాగా గుర్తున్నది ఒక పేజీ. షిఫ్టు దిగి అందరూ దీపాలు ఇచ్చి బిళ్ళలు తీసుకుపోయారు. ఊడ్చే ఆడమనిషి గది ఊడుస్తూ తల ఎత్తకుండానే, చీపురు శబ్దం మధ్యలో, ఒక బిళ్ళ కొక్కేనికి తగిలి చిన్నగా మోగడం వింటుంది. మొత్తం పేజీలో అదొక్కటే జరుగుతుంది. అది చదువుతుంటే నాకు రాములు కడ్డీ గుర్తొచ్చింది. రాములు చెప్పిన మాట నేను ఊరంతటికీ సలహాగా పంచుతున్నాను. ఆమె ఎవరూ చెప్పకుండానే చేసి చూపించింది. "మంచిగనే ఉన్నది గాని, కొంచెం సాగదీసినవ్" అన్నాను.

నూట పన్నెండో పేజీ

ల్యాంపు రూము వాళ్లంతా కలిసి ఆ నవలను అచ్చు వేయించారు. పేరు "నూట ఏడో దీపం". మొదటి కాపీ నాకు తెచ్చిచ్చింది. లోపల రొట్టెల్లాంటి అక్షరాలతో, "సారక్కకు, చేయి పట్టి రాయించినందుకు" అని ఉంది.

సమీక్షకు వచ్చిన పుస్తకాలు నేను పొద్దున్నే చదివేదాన్ని. ఇంట్లోకి గ్యాస్ వచ్చినా స్నానానికి నీళ్లు బయట బొగ్గు పొయ్యి మీదే కాగేవి. పొయ్యి ముందు పీట వేసుకుని, ఒక చేత్తో బొగ్గు ఎగదోస్తూ, అదే చేత్తో పేజీలు తిప్పేదాన్ని. అందుకని నా పుస్తకాల అంచులు కూడా నల్లబడేవి. కాక ఎగతాళి చేసేవాడు, "సారక్క గుడ షిఫ్టు చేస్తది" అని.

కథ చెప్పకుండా కుదరదు గనక చెప్తాను. నూట ఏడో నంబరు బిళ్ళ వేలాడుతూనే ఉంటుంది. ఆ మనిషి కోసం గనిలోకి దిగి వెతుకుతుంటారు. భార్య గేటు ముందు కూర్చుంటుంది. నూట పన్నెండో పేజీలో అసలు సంగతి తెలుస్తుంది. ఆ మనిషి ఆ రోజు గనిలోకి దిగనే లేదు. ముందు రోజే కాలువలో పడి కొట్టుకుపోయి చనిపోయాడు. ల్యాంపు రూములో పనిచేసే స్నేహితుడు, గనిలో పోయినట్టు కనిపిస్తే భార్యకు ఉద్యోగం వస్తుందని, దీపం దాచి బిళ్ళ వేలాడదీశాడు.

అక్కడ పుస్తకం మూసేశాను. బాగాలేక కాదు. కడుపులో మంట లేచి చదవలేకపోయాను. ఆ మలుపు నేను చెప్పలేదు, నాకు ఈ జన్మలో తట్టదు కూడా. మధ్యాహ్నం కూర్చుని సమీక్ష రాశాను. భాష సాదాగా ఉందన్నాను, పోలీసు పాత్ర తేలిపోయిందన్నాను. అక్కడితో ఆపినా సరిపోయేది. చివర ఇంకో వాక్యం రాశాను. "బిళ్ళ వేలాడదీసి ఉద్యోగం సంపాదించే ఈ కథ ల్యాంపు రూములో పనిచేసే రచయిత్రికి ఎక్కడ దొరికిందో మన ఊళ్లో వేరే చెప్పనక్కరలేదు."

పత్రిక సారు అది చదివి కళ్లద్దాలు తీశాడు. "చివరి వాక్యం ఉంచమంటావా అమ్మా? ఘాటుగా ఉంది."

"ఉంచుండ్రి సారు."

ఆ రోజు ఆయన ఉత్కంఠభరితం పెట్టడం కూడా మర్చిపోయాడు.

సోమవారం

పత్రిక ఆదివారం వచ్చింది. సోమవారం మధ్యాహ్నం భూలచ్చి డ్యూటీ బట్టలతోనే షాపుకు వచ్చింది. కాక పుస్తకాలకు అట్టలు వేస్తున్నాడు.

"సారక్కా, మా ఆఫీసుకు కొత్త సారు వచ్చిండు. ఈ ఊరోడు గాదు. నువ్వు రాసింది కత్తిరిచ్చి ఎవరో ఆయన టేబుల్ మీద వెట్టిండ్రు. రేపు పదింటికి రమ్మన్నడు."

"ఎందుకట?"

"నా మొగడు ఎట్ల సచ్చిండో రాసియ్యాల్నట. ఎన్కట రాసుడు రాక అంగూఠ వెట్టిన. ఇప్పుడు రాసుడు వచ్చింది గద, నువ్వే నేర్పిస్తివి. మల్లొకపారి ఆయన సావు నా చేతితోని రాసియ్యాలె."

"అందరికి ఎరుకే గదనే భూలచ్చీ, మల్లేశం సంగతి..."

"అందరికి ఎరుకనే. నీకు అందరికన్న ఎక్కువ ఎరుక. నా పక్కపొంటి కూసున్నది నువ్వే."

ఆమె బల్ల మీద ఉన్న నా కాపీని తీసింది. మూసి ఉన్న పుస్తకాన్ని కిటికీ వెలుతురుకు పక్కగా పట్టింది. అంచులు చదవడం ఆమెకు నేర్పింది కూడా నేనే. వేలితో సగం దాకా వచ్చి, ఆగిన చోట తెరిచింది.

"నూట పన్నెండు. ఇంక ఎనభై పేజీలున్నయక్కా."

"పనుండి ఆగిపోయిన..."

"అబద్ధమాడకు. చెడ్డ పుస్తకమైతె నువ్వు ఆగవు. నవ్వుకుంట, పేజీకో ముద్ర వెట్టుకుంట, చివరిదాంక చదువుతవు. ఇది మంచిగున్నది కాబట్టే ఆపినవు."

తిట్టినా బాగుండేది. పుస్తకాన్ని ఉన్నచోటనే పెట్టి వెళ్లిపోయింది. కాక లేచి పలక దగ్గరికి పోయాడు. మొదటి మేకుకు ఎప్పుడూ నా బిళ్ళ ఉండేది, షాపులో పనిచేసేదాన్ని గనక. దాన్ని తీసి తన అంగీ జేబులో వేసుకున్నాడు. గనిలో తప్పు చేసినవాడికి బిళ్ళ ఆపడం అంటే దీపం ఇవ్వకపోవడం, ఆ రోజు దిగనివ్వకపోవడం.

"కాకా..."

"రేపు నీకు డ్యూటీ లేదు" అన్నాడు. మళ్లీ అట్టలు వేయడంలో పడ్డాడు.

చివరలు చెప్పకూడదు, అయినా

నవల చివర చెప్పకూడదన్నది నా నియమం. ఇక్కడ మాత్రం ముందే చెప్తాను, మీరు ఊరికే భయపడకూడదు. భూలచ్చి ఉద్యోగానికి ఏమీ కాలేదు. మంగళవారం నేను రాసి తీసుకుపోయిన కాగితాన్ని ఆ కొత్త సారు రెండుసార్లు చదివాడు. అందులో ఇట్లా ఉంది. "నేను రాసిన చివరి వాక్యం అబద్ధం. మల్లేశం గనిలోనే చనిపోయాడు. పైకి తెచ్చినప్పుడు నేను అక్కడ ఉన్నాను. భూలచ్చి మీద ఈర్ష్యతో రాశాను." పాత ఫైలు తెప్పించుకుని చూసి, భూలచ్చిని ఏమీ రాయవద్దని చెప్పి పంపించాడు.

తర్వాతి ఆదివారం అదే మాట పత్రికలో వేయించాను. పత్రిక సారు 'ఈర్ష్యతో' తీసేసి 'పొరపాటున' పెడదామన్నాడు. ఇన్నేళ్లు మీ ఉత్కంఠను భరించాను, ఈ ఒక్క మాట మార్చితే మాత్రం మళ్లీ రాయనని చెప్పాను. ఉంచాడు.

భూలచ్చి నాతో మామూలుగా మాట్లాడడానికి ఏడాది పట్టింది. కాక నా బిళ్ళ మూడో వారం మేకుకు వేశాడు. ఇప్పుడు కాక లేడు, షాపు లేదు. ఆ జాగాలో ఫోన్ల షాపు ఉంది. బిళ్ళ నా దగ్గర ఉంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఎక్కువేమీ లేదు. బాగుందని చెప్పడానికి సగం చదివితే సరిపోవచ్చు. బాగాలేదని చెప్పాలంటే చివరి పేజీ దాకా పోవాల్సిందే. రచయిత బతుకును పుస్తకంలో వెతకకండి. ఈర్ష్య వస్తుంది, రాకుండా చేసుకోవడం నా వల్ల కాలేదు. వచ్చినప్పుడు దాన్ని దాని పేరుతోనే పిలవండి. నేను దాన్ని 'భాష సాదాగా ఉంది' అని పిలిచాను.

మర్నాడు పొద్దున

మంగళవారం పొద్దున లేచి పొయ్యి అంటించాను. బొగ్గు పెళ్లలు చేత్తో పగలగొట్టాను. చేతులు కడుక్కోలేదు. పీట మీద కూర్చుని నూట పదమూడో పేజీ తెరిచాను.

నీళ్లు మసిలాయి. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు.

"తానం చెయ్యమంటవా, నీ పుస్తకం ఒడిసేదాక ఆగుమంటవా?"

"ఆగు."

ఆయన నా మొహం చూసి అరుగు మీదికి పోయాడు.

నవలలో ఆ స్నేహితుడు భార్యకు నిజం చెప్తాడు. నోరు మెదపకు, ఉద్యోగం నీదే అంటాడు. ఆమె ఒక రాత్రంతా ఇద్దరు పిల్లల మధ్య కూర్చుంటుంది. తెల్లవారి ల్యాంపు రూముకు పోయి, అందరూ చూస్తుండగా నూట ఏడో కొక్కెం నుంచి బిళ్ళ తీస్తుంది. మేనేజర్ బల్ల మీద పెడుతుంది. "మా ఆయన దిగలేదు సారూ. వెతకడానికి దిగినవాళ్లను పైకి పిలవండి, లోపల పైకప్పు మంచిగ లేదట" అంటుంది. అంతే. అరుపులు లేవు, ఏడుపులు లేవు. వెతకడానికి దిగినవాళ్లు ఒక్కొక్కరే పైకి వచ్చి, దీపాలు ఇచ్చి బిళ్ళలు తీసుకుంటారు. ఆ బిళ్ళల చప్పుడుతో నవల అయిపోతుంది.

ఈ చివర చదివినవాళ్లెవరూ నేను రాసిన వాక్యం రాయలేరు.

ఈర్ష్య తగ్గిందని మీరనుకోవచ్చు. తగ్గలేదు, ఇంకా పెరిగింది. అంత మంచి పేజీ నేను ఎన్నడూ రాయలేను. అయినా ఆపకుండా, ఒక్కొక్క పేజీకీ బొటనవేలు ఆనించి తిప్పుతూ చివరిదాకా పోయాను. తర్వాత లోపలికి పోయి, అవే చేతులతో ఆ కాగితం రాశాను. అక్షరాల పక్కన మసి అంటింది. తిరగరాయలేదు.

పది కాకముందే ఆఫీసుకు చేరాను. భూలచ్చి వరండాలో ఒక్కతే నిలబడి ఉంది. ఏం చెప్పాలో దారి పొడవునా అనుకుంటూ వచ్చాను. చివరికి పుస్తకం ఆమె చేతిలో పెట్టాను.

ఆమె నా మొహం చూడలేదు. అట్ట కూడా తెరవలేదు. పుస్తకాన్ని వెలుతురుకు పక్కగా తిప్పి అంచు చూసింది.